రైలు ప్రయాణికులందరికీ సమాన రక్షణ



మన గ్రామములనుండి అనేకులు ఆసుపత్రికి, కూలిపనులకు, చదువులకు, తీర్థయాత్రలకు రైలులో పోవుచుందురు. స్టేషనులో పోలీసువారిని చూడగానే కొందరికి ధైర్యము కలుగును, కొందరికి భయము కలుగును. నేరము చేసినవానికి భయము కలుగుట సహజమే. కాని ఏ పాపమూ ఎరుగనివాడు తన పుట్టుకను బట్టియో, ఒంటి రంగును బట్టియో భయపడవలసి వచ్చినచో, లోపమెక్కడ నున్నదో మనము విచారింపవలెను. ఇందుకు లండను నగరమున జరిగిన యొక ఉదంతమును మొదట మనవి చేసి, పిదప మన సంగతి ముచ్చటింతుము.

బ్రిటను దేశమున రైళ్లకు ప్రత్యేకముగా ఒక పోలీసు దళము కలదు. దానికి బ్రిటిష్ ట్రాన్స్‌పోర్టు పోలీసు అని పేరు. 1972 మార్చి నెలలో ఓవల్ అను భూగర్భ రైలు స్టేషనులో ఆ దళమువారు మామూలు దుస్తులలో నుండి నలుగురు నల్లజాతి యువకులను పట్టుకొనిరి. దొంగతనములకు యత్నించిరనియు, పోలీసులపై చేయి చేసుకొనిరనియు వారిపై నేరము మోపిరి. తమను కొట్టి ఒప్పుకోలు వ్రాయించిరని యువకులు మొరపెట్టుకొన్నను వినినవారు లేకపోయిరి. నలుగురికిని శిక్ష పడెను.

ఆ కేసు నడిపిన డెరిక్ రిడ్జ్‌వెల్ అను ఉద్యోగి ఎట్టివాడో తరువాత తేలినది. రైలులో పోవు తపాలా సంచులను దొంగలతో చేయి కలిపి అపహరించినందుకు 1980లో ఆయనకే జైలు శిక్ష పడెను. కంచె చేను మేసినదన్నమాట. 1982లో ఆయన జైలులోనే మరణించెను. అయినను ఆయన పట్టించిన నిరపరాధుల మీది మచ్చ వెంటనే తొలగలేదు. ఓవల్ స్టేషనులో పట్టుబడిన ముగ్గురి శిక్షలను అప్పీలు కోర్టు 2019 డిసెంబరులోను, నాలుగవవాని శిక్షను 2020 మార్చిలోను రద్దు చేసెను. ఇరువది యేండ్ల ప్రాయమున పడిన నింద తొలగునప్పటికి వారు వృద్ధులైరి. 1977లో ఆయన మూలముననే శిక్ష పడిన మరి యిద్దరి విషయములో న్యాయము 2024 జనవరిలో వచ్చినది. అప్పటికి వారిద్దరును జీవించి లేరు. రైల్వే పోలీసు దళాధిపతి 2021లో నల్లజాతి ప్రజలకు బహిరంగముగా క్షమాపణ చెప్పవలసి వచ్చినది.

ఒక్క దుష్టుని వలననే ఇంత జరిగెనని సరిపెట్టుకొనరాదు. నల్లవాని మాటకంటె పోలీసు మాటయే నిజమని ముందుగానే నమ్మినవారుండుటచేతనే ఆ దుష్టుని ఆట సాగినది. 1993లో స్టీఫెన్ లారెన్స్ అను నల్లజాతి విద్యార్థి లండనులో హత్య కాగా, పోలీసు దర్యాప్తు లోపములను విచారించిన సంఘము 1999లో ఈ విషయమునే వెల్లడించెను. జాతివివక్ష ఒక్కొక్క మనిషి మనస్సులోనే కాక, సంస్థల అలవాట్లలోను పాతుకొని యుండునని ఆ సంఘము చెప్పినది. పోలీసులు ఎవరినైన ఆపినచో కారణము వ్రాసి ఆ కాగితము వారికీయవలెనని సూచించినది. 2000 సంవత్సరపు చట్టము పోలీసులతో సహా ప్రభుత్వ సంస్థలన్నిటిపైన జాతి సమానత్వమును పెంపొందించు బాధ్యత నుంచినది. అనంతరము రైల్వే పోలీసులు ప్రజల ప్రతినిధులతో సలహా సంఘముల నేర్పరచుకొని, తమ పనిని గూర్చి వారి అభిప్రాయములను తెలిసికొనుచున్నారు.

ఇది పరదేశపు కథయని మనము చేతులు దులుపుకొనుటకు వీలు లేదు. పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేయు చట్టము 1871లో మన దేశమున పుట్టినది. అనేక జాతులవారిని నేరస్థ జాతులని పట్టికలో నెక్కించి, పోలీసులకడ హాజరు వేయించుకొనిరి. నేటి బాపట్ల జిల్లాలో రైలుమార్గము ప్రక్కన నున్న స్టువర్టుపురము ఆ కాలమున ఎరుకలవారిని నిర్బంధించి యుంచుటకు వెలసినదే. 1952లో ఆ చట్టము దేశమంతటను రద్దయినది. చట్టము పోయినను అనుమానము పోయినదా? రైలులో పెట్టె పోయినచో మొదట ఎవరి ముఖము చూచుచున్నాము? ఈ ప్రశ్నను పోలీసువారు మాత్రమే కాదు, మనమును వేసికొనవలెను.

మన రాజ్యాంగమున రాష్ట్రముల అధికారములను తెలుపు పట్టికలో రైల్వే పోలీసు, గ్రామ పోలీసు ఒకే అంశమున పేర్కొనబడి యున్నవి. కనుక స్టేషనులో కాపలా గ్రామమునకు పరాయి విషయము కాదు. పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు.

మొదటిది. ఎవరినైన అరెస్టు చేసినప్పుడు పోలీసువారు అరెస్టు పత్రము వ్రాయవలెను. దానిపై కుటుంబ సభ్యుడుగాని, ఆ ప్రాంతపు గౌరవనీయుడుగాని సాక్షిగా సంతకము చేయవలెనని 2024 జూలై నుండి అమలులో నున్న నూతన నేర విచారణ చట్టము చెప్పుచున్నది. ప్రయాణ కాలమును మినహాయించి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచవలెను. మీ ఎదుట అట్టి సందర్భము వచ్చినప్పుడు వెనుకాడక ముందుకు రండు. పత్రమును చదివి, తేదీయు సమయమును సరిగా నున్నవో లేదో చూచి, పిమ్మటనే సంతకము చేయుడు.

రెండవది. రైలుమార్గమునకు దగ్గరనున్న గ్రామములవారు రైల్వే పోలీసు అధికారిని గ్రామసభకు ఆహ్వానింపుడు. ఆ సభలో ఎరుకలవారును, సంచార జాతులవారును, వలస కూలీలును అందరితో సమముగా కూర్చుండవలెను. తమ కష్టమును వారే చెప్పుకొనవలెను, వారి పక్షమున వేరొకరు చెప్పుట చాలదు.

మూడవది. ప్రయాణములో ఆపద గాని, అన్యాయము గాని కలిగినచో 139 నెంబరుకు ఫోను చేయవచ్చునని ప్రతి ఇంటికి తెలుపుడు.

హక్కుతోపాటు బాధ్యత కూడ మనదే. పిల్లలు రైళ్లపై రాళ్లు రువ్వకుండ చూడవలెను. కన్నులార చూచిన నేరమును గూర్చి నిజమైన సాక్ష్యము చెప్పవలెను. చూడని దానిని కులము పేర ఎవరికిని అంటగట్టరాదు. నిరపరాధిని పట్టినచో అసలు దొంగ తప్పించుకొని పోవును, మరునాడు మన మూటనే కాజేయును. కావున సమాన న్యాయము అందరి రక్షణకును అవసరమే.

రైలుపెట్టెలో అందరమును ప్రక్కప్రక్కనే కూర్చుండి ప్రయాణము చేయుచున్నాము. స్టేషను గుమ్మము దాటునప్పుడు ఎవరును తలవంచుకొనవలసిన అగత్యము లేకుండ చేయుట పోలీసువారికిని, పంచాయతీలకును ఉమ్మడి కర్తవ్యము. ఆ కర్తవ్యమును మీరు మీ గ్రామముననే ప్రారంభింతురని విశ్వసించుచున్నాము.