పొగ, నిప్పు, నిరూపణ
(యలహంకలో చేసిన స్మారకోపన్యాసం)



మనం ఎవరిని తలచుకుంటూ ఇక్కడ చేరామో ఆ లెక్కల మాస్టారు ఏ వాదన విన్నా మొదట ఒకటే అడిగేవారు: "నువ్వన్నదాన్ని తిరగేస్తే కూడా నిజమేనా?" పొగ ఉంటే నిప్పు ఉంటుంది అన్నది ఒక ప్రవచనం, అంటే నిజమో అబద్ధమో తేల్చగల వాక్యం. నిప్పు ఉంటే పొగ ఉంటుంది అన్నది దాని విపర్యయం, అంటే పూర్తిగా వేరే ప్రవచనం. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కానక్కర్లేదు. ఈ తేడా మీద తెలుగునేల పండితులు ఎంత శ్రద్ధ పెట్టారో ఈ సాయంత్రం చెప్పాలనుకుంటున్నాను.

ఏడో శతాబ్దంలో మన దేశం తిరిగిన హ్యూయన్‌త్సాంగ్ వేంగి దాపున ఉన్న ఒక కొండను ప్రస్తావించి, తార్కికుడైన దిఙ్నాగుడు అక్కడే హేతువిద్య, అంటే తర్కశాస్త్రం, మీద గ్రంథం రచించాడని రాశాడు. ఆ దిఙ్నాగుడి హేతుచక్రంలో తొమ్మిది గళ్లుంటాయి. మనం సాధించదలచినది (సాధ్యం) ఉన్న చోట్ల దానికి చూపే కారణం (హేతువు) అన్నిటా ఉందా, కొన్నిటా ఉందా, అసలు లేదా? అది లేని చోట్ల? మూడు మూళ్లు తొమ్మిది. అందులో నిలబడేవి రెండే. సాధ్యం లేని చోట హేతువు ఒక్కసారి కనబడినా ఆ వాదన చెల్లదు.

తర్వాత వెయ్యేళ్లకు, పదిహేడో శతాబ్దంలో, అన్నంభట్టు వచ్చాడు. ఆంధ్రుడు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని నానుడి పుట్టేంత పేరు ఆయనది. పిల్లలకు సులువుగా అర్థం కావాలని తర్కసంగ్రహం రాసి, దానికి దీపిక అనే వ్యాఖ్య కూడా తానే రాశాడు. "నిప్పుతో తడుపు" అంటే మాటలన్నీ ఉన్నా అర్థం పొసగదు కనక అది ప్రమాణవాక్యం కాదంటాడు. నిజమా అబద్ధమా అని అడిగేముందు వాక్యానికి ఆ అర్హత ఉందో లేదో చూడమన్నమాట.

ఇక నిరూపణ. నైయాయికులు, అంటే అన్నంభట్టు సంప్రదాయంలోని తార్కికులు, దాన్ని ఇలా చేస్తారు. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో లాగా, ఈ కొండా అలాంటిదే, కాబట్టి నిప్పుంది. ఈ ఐదు మెట్ల పేర్లు వరుసగా ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం.

ఇప్పుడు బడిలెక్కల వైపు వద్దాం. "ఇది ఉంటే అది ఉంటుంది" అనే ప్రవచనం ఎప్పుడు సత్యమో, ఎప్పుడు అసత్యమో చూపే సత్యపట్టికను పిల్లలు "టి, ఎఫ్, టి, టి" అని బట్టీ పడతారు. పొగా లేదు, నిప్పూ లేదు, అయినా వాక్యం సత్యమెలా అవుతుందని అడిగితే నీళ్లు నములుతారు. నైయాయికుల ఉదాహరణలనే ఆ పట్టికలో పెట్టి చూడండి. పొగా నిప్పూ రెండూ ఉన్నది వంటిల్లు. రెండూ లేనిది చెరువు, మన యలహంక చెరువే అనుకోండి. నిప్పుండి పొగ లేనిది ఎర్రగా కాలిన ఇనుపగుండు. దీన్ని చూడటానికి మనం పుస్తకం కూడా తెరవక్కర్లేదు. 1984 నుంచి పనిచేస్తున్న రైలు చక్రాల ఫ్యాక్టరీ ఈ ఊళ్లోనే ఉంది. తుక్కు ఉక్కును విద్యుత్ కొలిమిలో కరిగించి అక్కడ చక్రాలు పోస్తారు. అచ్చులోంచి తీసిన చక్రం ఎర్రగా మండుతుంటుంది, పొగలు కక్కదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడవ్వాలి. ఆ అదనపు షరతునే ఉపాధి అన్నారు.

ఇక మిగిలింది నాలుగో గడి: పొగ ఉండి నిప్పు లేని చోటు. దానికి ఉదాహరణ లేదు. ఒక్కటి దొరికినా "పొగ ఉంటే నిప్పుంటుంది" అన్నది కూలిపోతుంది. చెరువు, ఇనుపగుండు ఆ మాటను భంగపరచవు, అందుకే ఆ వరుసల్లో అది సత్యం. కాలిన చక్రం విపర్యయాన్ని మాత్రం పడగొడుతుంది.

నాలుగో గడి ఖాళీ అని ఎలా తెలుస్తుంది? వందసార్లు చూస్తే చాలా? దీపికలో అన్నంభట్టు చాలదంటాడు. పృథివితో చేసినవన్నీ ఇనుముతో గీత పడతాయని వందసార్లు చూసినా వజ్రం దగ్గర ఆ నియమం తప్పుతుంది. ఆ ఉదాహరణ ఆయనే కల్పించాడని నేననను; కానీ ఆ కాలంలోనే కృష్ణ ఒడ్డున కొల్లూరులో వజ్రాలు తవ్వుతున్నారు. గణితంలో కూడా అలాంటి వజ్రం ఉంది. 3, 5, 17, 257, 65537 ప్రధానసంఖ్యలు కావడం చూసి ఆ వరుసలోవన్నీ అంతేనని ఫెర్మా నమ్మాడు. తర్వాతిదైన 4294967297ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు.

అయితే అన్నీ మనవాళ్లే ముందు చెప్పారని అనడం తప్పు. ప్రవచనాలను బీజగణితంలో పెట్టింది 1847లో బూల్. అదే ఏడు తర్కగ్రంథం వెలువరించిన డి మోర్గాన్ పుట్టింది మదురైలో. సత్యపట్టిక ఇప్పటి రూపంలో స్థిరపడింది 1921 ప్రాంతంలో. ఆధునిక తర్కం వాదన రూపం సరైనదా, ఆధారవాక్యాలు నిజమా అన్నవి విడదీసి చూస్తుంది. నైయాయికుడు విడదీయడు; ఉదాహరణ చూపందే ఒప్పుకోడు. పిల్లలకు రెండూ కావాలని నా గట్టి నమ్మకం.

ఆంధ్రప్రదేశ్ పాత పదో తరగతి గణితంలో "ప్రవచనాలు – సమితులు" అనే అధ్యాయం ఉండేది. ఆ తర్వాత వచ్చిన పుస్తకాల్లో ప్రవచనాలు పోయాయి. ఎన్‌సీఈఆర్‌టీ కూడా భారం తగ్గించే పేరుతో పదకొండో తరగతిలోని గణితతర్కం అధ్యాయాన్ని తీసేసింది. ఫోన్‌లో వచ్చే ప్రతి మాటనూ తూచుకోవాల్సిన వయసు పిల్లల దగ్గర్నుంచి ఆ తూనికను తీసేయడం పొరపాటు.

ఈ సభలో లెక్కలు చెప్పేవారున్నారు, సంస్కృతం వచ్చినవారున్నారు. తర్కసంగ్రహంలో అనుమాన భాగం కొద్ది పుటలే. ఈ వేసవి సెలవుల్లో ఇద్దరూ కలిసి, పక్కన సత్యపట్టిక పెట్టుకుని, మన పిల్లలకు తెలుగులో చెప్పండి. ముందుకొచ్చేవారు సభ ముగిశాక నన్ను కలవండి.