బకెట్ అడుగున ముద్ర

బల్ల మీద రెండు పాత గాజు బకెట్లు. షాంపేన్ సీసాను ఐసులో నిలబెట్టేవి. రెండూ ధగధగలాడుతున్నాయి. మరి ఏది క్రిస్టల్? ఏది మామూలు గాజు?

పాత సామాను సేకరించేవాళ్ళు ముందు చేత్తో ఎత్తి చూస్తారు. సీసం కలిసిన క్రిస్టల్ బరువెక్కువ. తర్వాత అంచు మీద గోటితో మెల్లగా మీటుతారు. క్రిస్టల్ గంటలా మోగుతుంది. మామూలు గాజు టక్కుమని ఊరుకుంటుంది.

ఆ పైన బోర్లించి అడుగు చూస్తారు. ఫ్రాన్స్‌లోని బకరా కంపెనీ 1936లో తన ముద్రను యాసిడ్‌తో గాజు మీదే వేయడం మొదలుపెట్టింది. అంతకుముందు అంటించినవి కాగితం చీటీలు. కడిగితే పోయేవి! కాబట్టి ముద్ర లేనంత మాత్రాన నకిలీ కాదు. బరువు, మోత, తర్వాతే ముద్ర.

క్రిస్టల్ మోజు మన రాజులకూ ఉండేది. ఉదయపూర్ మహారాణా సజ్జన్ సింగ్ 1877లో ఇంగ్లండ్‌లోని ఆస్లర్ కంపెనీకి క్రిస్టల్ సామాను పురమాయించారు. పాత్రలే కాదు, మంచం కూడా! పాపం, సామాను చేరేలోపే ఆయన కన్నుమూశారు. పెట్టెలు ఏళ్ళ తరబడి విప్పనేలేదు. ఇప్పుడవి ఉదయపూర్‌లోని ఫతే ప్రకాశ్ ప్యాలెస్‌లో చూడొచ్చు.

ఇంట్లో క్రిస్టల్ బకెట్ ఉంటే ఒక్క జాగ్రత్త. ఐసు తీసిన వెంటనే వేడినీళ్ళు పోయకూడదు. పగులుతుంది. కాసేపు ఆగి, గోరువెచ్చని నీళ్ళతో చేత్తోనే కడగాలి.