పక్కన నడిచే సేవ

సకల ప్రాణులను సృష్టించి, ప్రతి ప్రాణికీ తగిన రూపాన్నీ శక్తినీ ఉపాధినీ ప్రసాదించిన అల్లాహ్‌కు కృతజ్ఞతలు అర్పిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించాలని వేడుకుంటున్నాము.

గౌరవనీయులైన సోదరులారా!

దైవభీతి కలిగి జీవించాలని ముందుగా మనకు మనమే ఉద్బోధించుకుందాము. దైవభీతి జానమాజుపై మొదలవుతుంది గాని అక్కడే ముగిసిపోదు. బలహీనుని పక్కన మనం ఎలా నిలబడతాము, నోరులేని జంతువుపై చేయి ఎలా వేస్తాము అన్నవి కూడా దానికి కొలమానాలే. ఈ రెండూ ఒకే చోట కలిసే ఒక సేవను గురించి ఈ జుమా నాడు ఆలోచిద్దాము.

శరీరంలోనో, మేధస్సులోనో, మాటలోనో ప్రత్యేక అవసరాలు గల పిల్లలనూ పెద్దలనూ శిక్షకుల పర్యవేక్షణలో గుర్రంపై కూర్చుండబెట్టి నడిపించే సేవ అది. 1969లో బ్రిటన్‌లో వికలాంగుల కోసం గుర్రపుస్వారీ సంఘం ఏర్పడింది. అదే సంవత్సరం ఉత్తర అమెరికాలోనూ అటువంటి సంఘమే వెలసింది. ఈ కేంద్రాలు చాలావరకు స్వచ్ఛంద సేవకుల శ్రమపైనే నడుస్తాయి.

ఈ సేవకు ఊపిరి పోసినవారిలో డెన్మార్క్ దేశపు రౌతు లిజ్ హార్టెల్ పేరు ముందుగా చెబుతారు. 1944లో ఆమెకు పోలియో సోకింది. మోకాళ్ళ దిగువన కాళ్ళు చచ్చుబడ్డాయి. అయినా ఆమె గుర్రాన్ని విడిచిపెట్టలేదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో పురుషులతో పోటీపడి రజత పతకం గెలుచుకున్నారు, 1956లో మళ్ళీ రజతం సాధించారు. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఆమెకు ఇతరుల సహాయం కావలసివచ్చేది. జీనుపై కూర్చున్న తరువాత మాత్రం స్వారీ ఆమెదే. సహాయం పొందడానికీ సమర్థత కలిగి ఉండడానికీ వైరుధ్యం లేదని ఆమె జీవితం లోకానికి చూపింది.

సోదరులారా! గుర్రమే ఎందుకని మీరు అడగవచ్చు. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకూ వెనుకకూ, కుడికీ ఎడమకూ, పైకీ కిందికీ లయబద్ధంగా కదులుతుంది. ఆ కదలిక మనిషి నడిచేటప్పుడు నడుము కదిలే తీరుకు చాలా దగ్గరగా ఉంటుంది. తన కాళ్ళతో ఎన్నడూ నడవని బిడ్డ గుర్రంపై కూర్చున్నప్పుడు, నడకలోని లయ ఆ బిడ్డ నడుముకూ వెన్నుకూ అందుతుంది. గుర్రం అడుగు తీసి అడుగు వేసిన ప్రతిసారీ బిడ్డ శరీరం సమతూకం కోసం తనను తాను సర్దుకుంటుంది. సెరిబ్రల్ పాల్సీ వలన బిగుసుకుపోయిన తొడ కండరాలు ఆ లయకూ, జంతువు ఒంటి వెచ్చదనానికీ కొంత సడలుతాయి. ఇక ఎల్లప్పుడూ చక్రాల కుర్చీ నుండి తలెత్తి అందరినీ చూసే బిడ్డకు, ఒక్క అరగంట సేపు అందరూ తలెత్తి తననే చూడడం ఎంతటి గౌరవమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు సేవకుల పని ఎలా ఉంటుందో చూద్దాము. సొంతంగా కూర్చోలేని ఒక బిడ్డ స్వారీ చేయాలంటే శిక్షకుడు కాక మరి ముగ్గురు కావాలి. ఒకరు గుర్రం తల దగ్గర పగ్గం పట్టుకొని నడుస్తారు. ఆయన దృష్టి గుర్రంపైనే ఉండాలి. మిగిలిన ఇద్దరు బిడ్డకు చెరొక వైపున నడుస్తారు. వారి దృష్టి బిడ్డపైనే ఉండాలి. గుర్రం బెదిరితే మొదటి వ్యక్తి గుర్రాన్ని విడువరాదు, ఈ ఇద్దరూ బిడ్డను విడువరాదు. చేయి నొప్పిపుట్టి వైపులు మారవలసివస్తే గుర్రాన్ని పూర్తిగా ఆపి, ఒకరి తరువాత ఒకరు మారతారు. ఇద్దరూ ఒకేసారి చేయి తీయడమన్నది ఉండదు.

పక్కన నడిచేవారికి నేర్పే ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. అవసరమైనంతకు మించి పట్టుకోరాదు. ఒక బిడ్డకు తొడపై ముంజేతి ఆసరా కావాలి, మరొకరికి చీలమండ దగ్గర చేయి చాలు. ఇంకొకరిని ముట్టుకోనవసరం లేదు, పక్కన ఉంటే చాలు. బిడ్డ కాస్త వాలినప్పుడు వెంటనే సరిచేయక, తానే సరిచేసుకోవడానికి ఒక్క క్షణం వ్యవధి ఇవ్వాలి. అలాగే గుర్రం కదలాలంటే బిడ్డే ఆజ్ఞ ఇవ్వాలి. మాట వస్తే మాటతో, రాకపోతే చేతి సైగతో. ఆ ఒక్క మాట కోసం అర నిమిషం పట్టినా, ఒక నిమిషం పట్టినా, ముగ్గురు పెద్దలూ ఒక గుర్రమూ మౌనంగా వేచి ఉంటారు. ఇంటిలోనూ వీధిలోనూ ఆ బిడ్డ మాట పూర్తయ్యేదాకా ఎవరు వేచి ఉన్నారు? మనమే మాట అందించి, మనమే జవాబు చెప్పి, బిడ్డ నోటి దగ్గరి మాటను లాగివేయడం లేదా?

ఈ సందర్భంలో మదీనా వీధులలో జరిగిన ఒక సంఘటనను స్మరించుకుందాము. మతిస్థిమితం అంతగా లేని ఒక స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తమతో పని ఉన్నదని చెప్పింది. ఏ వీధికి రమ్మంటే ఆ వీధికి వస్తానని ఆయన (స) అన్నారు. ఆమెతో వెళ్ళి, ఆమె చెప్పదలచినది పూర్తయ్యేవరకు ఉన్నారు. సహీహ్ ముస్లింలో నమోదైన ఈ ఉదంతంలో ఆయన ఆమెకు ఏదో దానం చేసినట్లు లేదు. తమ సమయాన్ని ఇచ్చారు. స్థలాన్ని ఎంచుకునే హక్కు ఆమెకు ఇచ్చారు. పక్కన నడిచారు. సోదరులారా, మనం చెప్పుకుంటున్న సేవ అంతా ఇందులోనే ఇమిడి ఉన్నది.

అంధుడైన అబ్దుల్లాహ్ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయం మనందరికీ తెలిసినదే. ఆయన జ్ఞానం కోరి వచ్చిన సందర్భంలోనే అబస సూరా అవతరించింది. తరువాతి కాలంలో ఆయన మదీనాలో అజాన్ ఇచ్చేవారు. దైవప్రవక్త (స) ప్రయాణమై వెళ్ళినప్పుడు నగర బాధ్యతను ఆయనకు అప్పగించిన సందర్భాలున్నాయి. అంటే జాలి పడి ఒక మూల కూర్చుండబెట్టలేదు, బాధ్యత అప్పగించి ముందుకు తెచ్చారు. బిడ్డ చేతికి కళ్ళెం వారు అందించడంలోని అర్థం కూడా ఇదే.

ఇక గుర్రం హక్కును కూడా మరువరాదు. మదీనాలోని ఒక తోటలో దైవప్రవక్త (స)ను చూసి ఒక ఒంటె కన్నీరు కార్చగా, ఆయన దాని తల నిమిరి ఓదార్చారు. యజమానిని పిలిచి, ఆకలితో ఉంచి అలసిపోయేటట్లు పనిచేయిస్తున్నందుకు మందలించారు. మంచి కేంద్రాలలో గుర్రానికి రోజుకు ఇన్ని విడతలే పని అని నియమం ఉంటుంది. దాని శక్తికి మించిన భారం మోపరు. చెవులు వెనుకకు వాల్చినా, తోకను విసురుగా ఆడించినా అది చిరాకుపడుతున్నదని గ్రహించి విశ్రాంతి ఇస్తారు. స్వారీకి ముందు ఒళ్ళు తోమడం, గిట్టలు శుభ్రపరచడం, తరువాత నీరు, దాణా పెట్టడం, లద్దె ఎత్తి శాలను కడగడం సేవకుల పనే. బిడ్డ నవ్వు చూసే భాగ్యం పక్కన నడిచేవానికి దక్కుతుంది. శాల కడిగేవానికి అదీ దక్కదు. అతని పనికి సాక్షి అల్లాహ్ ఒక్కడే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇది వైకల్యాన్ని మాయం చేసే మంత్రం కాదు. వైద్యానికీ ఫిజియోథెరపీకీ తోడే గాని ప్రత్యామ్నాయం కాదు. అందరికీ తగినదీ కాదు. అదుపులో లేని మూర్ఛవ్యాధి ఉన్నవారు, మెడ ఎముకలు బలహీనంగా ఉన్న డౌన్ సిండ్రోమ్ పిల్లలు వైద్యుని అనుమతి లేకుండా గుర్రం ఎక్కరాదు. తలకు హెల్మెట్ తప్పనిసరి. విశాఖ సముద్రతీరంలో తిప్పే గుర్రాన్నో, పెళ్ళి ఊరేగింపు గుర్రాన్నో చూసి, ఇదే చికిత్స అనుకొని బిడ్డను ఎక్కించవద్దు. శిక్షణ పొందిన గుర్రమూ, తెలిసిన శిక్షకుడూ లేని చోట మంచి ఉద్దేశం మాత్రమే బిడ్డను కాపాడదు.

ఒకప్పుడు మన పట్టణాలలో రైలుస్టేషన్ల ముందు జట్కాబండ్లు బారులు తీరి ఉండేవి. వాటిని తోలి కుటుంబాలను పోషించుకున్నవారిలో మన పెద్దలు ఎందరో ఉన్నారు. గుర్రం మనసు ఎరిగిన ఆ చేతులు ఇప్పుడు కనుమరుగవుతున్నాయి. మన మధ్య అటువంటి పెద్దలు ఇంకా ఉంటే, వారి విద్యను పిల్లలు విని తెలుసుకోవాలి.

రెండవ ఖుత్బా

సోదరులారా! గుర్రపుశాల లేని ఊరిలో ఈ మాటలు మనకెందుకని ఎవరైనా అనుకోవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మరి మన మసీదు వరుసలలో వారు ఎందరు కనబడుతున్నారు? కనబడకపోతే వారు లేరని కాదు. మెట్లు ఎక్కలేక, జనం చూపులు భరించలేక, ఇంటిలోనే ఉండిపోయారని అర్థం.

అటువంటి ప్రతి ఇంటిలోనూ తల్లిదండ్రులను రాత్రివేళ నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటే: మా తరువాత వీడికి దిక్కెవరు? ఈ ప్రశ్నకు ఓదార్పు మాటలు జవాబు కావు. ఒకనాడు వచ్చి మిఠాయిలు పంచి, ఫోటో తీసుకొని వెళ్ళడమూ జవాబు కాదు. చెప్పిన రోజున, చెప్పిన వేళకు, ప్రతి వారమూ వచ్చే మనిషే జవాబు. స్వారీ కేంద్రంలో ముగ్గురిలో ఒకరు రాకపోతే ఆ వారం బిడ్డ గుర్రం ఎక్కలేడు. ఏడు రోజులుగా ఎదురుచూసిన బిడ్డకు ఎలా నచ్చజెబుతారు? కొద్దిగా చేసినా నిలకడగా చేసే పుణ్యకార్యమే అల్లాహ్‌కు ప్రీతికరమని మనకు బోధించడంలోని అంతరార్థం ఇక్కడ బోధపడుతుంది.

కనుక అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మన తెలుగు కుటుంబాల యువతకు ఈ మాట చేరవేయండి. సమీపంలో ఇటువంటి కేంద్రం ఉంటే శిక్షణ పొంది సేవ చేయమనండి. ఇక్కడ ఉన్న మనం ఈ వారమే మన మొహల్లాలో అటువంటి ఇల్లు ఒకటి గుర్తిద్దాము. వారానికి ఒక గంట ఆ బిడ్డకు కేటాయిద్దాము. ఆ గంట తల్లికి విశ్రాంతి. మసీదు మెట్ల పక్కన వాలుదారి కట్టిద్దాము. వరుసలో కుర్చీకి చోటిద్దాము. నమాజులో ఒక బిడ్డ అర్థంకాని శబ్దం చేస్తే వెనుదిరిగి ఉరిమి చూడడం మానుకుందాము. కుంటి, గుడ్డి, పిచ్చి అన్న మాటలను తిట్లుగా వాడే అలవాటును మన నాలుక నుండి తొలగించుకుందాము. ఎవరినీ చెడ్డపేర్లతో పిలువరాదని హుజురాత్ సూరా మనలను వారించింది కదా.

ఓ అల్లాహ్! బలహీనుల పక్కన నడిచే కాళ్ళను మాకు ప్రసాదించు. వారి మాట పూర్తయ్యేదాకా వేచి ఉండే సహనాన్ని ప్రసాదించు. నోరులేని ప్రాణుల విషయంలో మమ్మల్ని అన్యాయం నుండి కాపాడు. ప్రత్యేక అవసరాలు గల బిడ్డల తల్లిదండ్రుల హృదయాలకు ఊరట నివ్వు. వారి తరువాత ఆ బిడ్డలకు అండగా నిలిచే సమాజంగా మమ్మల్ని తీర్చిదిద్దు. ఆమీన్.