రోజుకో రూపాయి

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఆటల్లో బతుకుతెరువు గురించి మాట్లాడమన్నారు. నేను హాస్టల్ వార్డెన్‌ని, ఆటలాడినదాన్ని కాదు. అందుకే ఆటగాళ్లను తయారుచేసిన ఒక మాస్టారు గురించి చెబుతాను.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ యూనివర్సిటీ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ అయినాక కాచిగూడ బడిలో మాస్టారుగా పనిచేశారు. వ్యాయామవిద్యలో డిప్లొమా చేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం గెలిచింది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం గారు క్యాన్సర్‌తో కన్నుమూశారు.

పతకాల కన్నా నాకు గుర్తుండిపోయిన సంగతి ఇంకొకటుంది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అని పేదింటి కుర్రాడు ఉండేవాడు. అతని ఆట చూసి రహీం గారు ప్రాక్టీసుకు రమ్మన్నారు. అంత దూరం రావడానికి చేతిలో డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకని రహీం గారు రోజుకో రూపాయి ఇచ్చారట. ఆ కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. జకార్తాలో గెలిచిన జట్టులోనూ ఉన్నాడు.

ఇది చదివినప్పుడు నాకు మా హాస్టల్లో ఉండిన ఒక యానాది పాప గుర్తొచ్చింది. సాఫ్ట్‌బాల్ బాగా ఆడేది. ప్రాక్టీసు తెల్లారి అయిదున్నరకు. మా గేటు తీసేది ఆరున్నరకు. పీఈటీ సార్ రెండుసార్లు వచ్చి అడిగారు. "ఏమన్నా అయితే ఎవరు జవాబుదారీ?" అని నేను పంపలేదు. పాప మారుమాట్లాడలేదు. ఆట మానేసింది. పదో తరగతి తర్వాత చదువూ మానేసింది. రూలు ప్రకారం నా తప్పేమీ లేదు. కానీ గ్రౌండు అరగంట నడక. నేనే తోడు పోయుండొచ్చు. ఆ రోజు నాకా ఆలోచనే రాలేదు. ఇప్పుడు ప్రాక్టీసు ఉన్న రోజు నేనే ముందు లేచి పిల్లల వెంట పోతున్నాను.

సెలెక్షన్ రాలేదనీ, మోకాలు దెబ్బతినిందనీ ఆట వదిలేసినవాళ్లు మీలో ఉన్నారు. మీ దారి అక్కడితో ఆగిపోలేదు. డిగ్రీ తర్వాత పీఈసెట్ రాసి బీపీఈడీ చేయొచ్చు. కోచ్ కావాలంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో డిప్లొమా ఉంది. ఆడే వయసు తొందరగా అయిపోతుంది, ఆడించే వయసు చాలా ఉంటుంది.

ఒక్కటే మాట. మన కాలనీ పిల్ల, మన తండా పిల్లోడు ప్రాక్టీసుకు రాకపోతే బయటివాళ్లు "ఆసక్తి లేదు" అని రాసుకుంటారు. బస్సు చార్జీ లేదని, అడగడానికి సిగ్గుపడ్డారని మీకు చెప్పకుండానే తెలుస్తుంది. అందుకే మనలోంచి కోచ్‌లు రావాలి.