గుర్రం పొట్టలో పెరిగే ఈగ

గుర్రాల జీర్ణాశయంలో పెరిగే బాట్ ఈగల్లో బాగా తెలిసినది గాస్టెరోఫిలస్ ఇంటెస్టినాలిస్. స్వీడన్ కీటక శాస్త్రవేత్త డి గేర్ 1776లో దీన్ని వర్ణించి ఈస్ట్రస్ ప్రజాతిలో చేర్చాడు. 1817లో లీచ్ గాస్టెరోఫిలస్ ప్రజాతిని ఏర్పరిచాడు. తర్వాత ఇది అందులోకి మారింది. కుటుంబం ఈస్ట్రిడే. పాత పశువైద్య గ్రంథాల్లో ఈక్వై అన్న పేరుతో కనిపించేదీ ఇదే.

ఎదిగిన ఈగ ఒళ్లంతా నూగుతో తేనెటీగలా ఉంటుంది. పనిచేసే నోరు లేదు గనక కుట్టదు, తినదు. గుర్రాలు మాత్రం దాని రొదకే బెదురుతాయి. అసలు గుర్తు రెక్కల్లో ఉంది: అడ్డంగా, పొగచూరినట్టు గోధుమరంగు పట్టీ. దగ్గరి జాతి నేసాలిస్ రెక్కలు తేటగా ఉంటాయి. ఈగ చిక్కకపోతే గుడ్లు చూడాలి. ఇంటెస్టినాలిస్ పసుపు గుడ్లను ఎక్కువగా ముందుకాళ్ల వెంట్రుకలకు అంటిస్తుంది, నేసాలిస్ దవడ కింద పెడుతుంది. గుర్రం కాళ్లు నాకినప్పుడు తడికీ వెచ్చదనానికీ పిల్లపురుగులు బయటపడి నోట్లోకి చేరతాయి.

పూర్తిగా ఎదిగిన లార్వాను భూతద్దం కింద పెడితే తికమక చాలావరకు తీరుతుంది. ఇంటెస్టినాలిస్ ఖండితాల మీద ముళ్లు రెండేసి వరుసలు. ముందు వరుసవి పెద్దవి, మొనలు మొద్దు. నేసాలిస్‌కు ఒక్క వరుసే. మరో దగ్గరి జాతి హెమరాయిడాలిస్‌కూ రెండు వరుసలే గానీ మొనలు వాడి. పట్టుకునే చోటూ వేరే: ఇంటెస్టినాలిస్ జీర్ణాశయంలో గ్రంథులు లేని భాగాన్ని కరుచుకుంటే, నేసాలిస్ చిన్నపేగు మొదట్లో ఉంటుంది.