చేతి ఎముక విరిగినప్పుడు: కట్టుకు ముందు, కట్టు తరువాత



చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఎముక విరిగిన ఇంట పెద్దల నోట తరచుగా వినవచ్చే మాట ‘పుత్తూరు కట్టు’. పూర్వపు చిత్తూరు జిల్లాలో పుత్తూరు చెంతనున్న ఈశ్వరాపురంలో ఒక రాజుల కుటుంబం తరతరాలుగా వేస్తూ వచ్చిన కట్టు అది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలు దాని సామగ్రి. ప్రజల నమ్మకం పూర్తిగా నిరాధారమని అనడం న్యాయం కాదు. తన స్థానంలో కదలక నిలిచిన ఎముక తనంతట తానే అతుకుతుంది; ఆసుపత్రిలో వేసే పిండికట్టు చేసే పని కూడా అదే. చిక్కంతా ‘తన స్థానంలో’ అన్న మాటలో ఉన్నది.

ఒక్కొక్క చేతిలో, మణికట్టు మొదలు వేలికొన వరకు, 27 ఎముకలు ఉన్నాయి. ఏది విరిగిందో, ఎంత తొలగిందో తాకిచూచినంత మాత్రాన తెలియదు. కనుక ఏ కట్టుకైనా ముందు ఎక్స్-రే అవసరం. వాపు పెరుగక ముందే గాజులు, ఉంగరాలు తీసివేయాలి.

నంది కొండ దారిలో బండి జారి, చేయి నేలకు ఊని పడిన యువకునికి బొటనవేలి మొదట ఉన్న గుంటలో నొక్కితే నొప్పి ఉన్నదనుకొందాం. అక్కడి చిన్న ఎముక విరిగినా మొదటిరోజు ఎక్స్-రేలో కనిపించకపోవచ్చు. బెణుకని విడిచిపెట్టరాదు, బద్ద కట్టి ఉంచి, పది పదునాలుగు దినాల తరువాత మరల ఎక్స్-రే తీయించాలి. ఆ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్లవైపు నుండి అందుతుంది. అందువలన విరిగిన రెండవ ముక్క ఎండిపోయే ప్రమాదం ఉన్నది. అతకడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు.

వేలి ఎముకల సంగతి వేరు. తొలగని విరుపుకు పక్కవేలితో జతచేసి కట్టడమో, చిన్న బద్దయో సాధారణంగా చాలును. మూడు నాలుగు వారాలలో కదలిక మొదలుపెట్టవచ్చు. అయితే వేళ్లను మెల్లగా ముడిచినప్పుడు ఒక వేలు మరొకదానిమీదికి ఎక్కితే ఎముక మెలితిరిగిందని అర్థం. దానిని వైద్యుడు సరిచేసి తీరాలి. అలాగే అతికితే పిడికిలి జీవితాంతం సరిగా పడదు. శిడ్లఘట్టలో పట్టుదారం తీసే చేతికి అది సామాన్యమైన నష్టం కాదు. ఎముక నిలువకపోతే సన్నని తీగలో, ప్లేటు, స్క్రూలో వేస్తారు. కీలు లోపల విరిగినా శస్త్రచికిత్స అవసరం కావచ్చు. చర్మం చీలి ఎముక బయటపడితే ఆకుపసరు పూయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ధనుర్వాతం సూది, గాయం కడగడం ఆలస్యం కారాదు.

కట్టు ఎవరు వేసినా బిగువును గమనించాలి. బిగుతు కట్ల వలన చేతి కండరాలు చచ్చి వేళ్లు కొంకిపోవడాన్ని జర్మన్ వైద్యుడు ఫోల్క్‌మన్ 1881లోనే వర్ణించాడు. నొప్పి తగ్గక పెరుగుతూ ఉండడం, వేళ్లను సాచితే భరింపరాకుండడం, తిమ్మిరి, వేళ్లు పాలిపోవడం లేక నీలబడడం దాని సూచనలు. తెల్లవారనిమ్మని ఆగరాదు. కొన్ని గంటలలోనే నష్టం శాశ్వతమవుతుంది. గుడ్డకట్టయితే వెంటనే వదులు చేయాలి. పిండికట్టయితే రాత్రియైనా ఆసుపత్రికి పోయి కోయించాలి. పిల్లలు నొప్పి చెప్పలేక ఏడుస్తారు. ఆ ఏడుపును మారాముగా తీసుకొనరాదు.

కట్టు ఉన్న నాళ్లలో చేతిని గుండెకన్న ఎత్తున ఉంచాలి. కట్టు వెలుపల ఉన్న వేళ్లను, మోచేతిని, భుజాన్ని దినమూ ఆడించాలి. కట్టు విప్పిననాడు చేయి బిగుసుకొని ఉండడం సహజం. గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచి, పిడికిలి ముడుస్తూ విప్పుతూ దినానికి పలుమార్లు అభ్యసించాలి. బలవంతంగా నూనెపట్టి వంచడం తగదు. రాగిముద్దను చేతితో విరిచి తినగలిగేంత పట్టు రావడానికి కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. బరువులు ఎత్తడానికి వైద్యుని అనుమతి వచ్చేవరకు ఆగవలసి ఉంటుంది.