రూమ్మేట్ ఇచ్చిన అర మాత్ర

ఈ రోజు ఎపిసోడ్ నా సొంత గొడవ.

జాబ్‌లో ఉన్నప్పుడు ఒక రిలీజ్ ముందు రాత్రి గుండె దడ, నిద్ర లేదు. రూమ్మేట్ స్ట్రిప్ తీసి, "అరే, సగం వేసుకో, ఏం కాదు" అన్నాడు. అల్ప్రజోలం. కాసేపటికే నిద్ర పట్టేసింది. అబద్ధం ఎందుకు, హాయిగా అనిపించింది. అదే కొంప ముంచింది.

సగం కాస్తా ఒకటైంది, ఒకటి రోజూ అయింది. మూడు నెలలు. సంక్రాంతికి ఊరెళ్తూ స్ట్రిప్ రూమ్‌లో మర్చిపోయా. సరేలే, ఇలాగే మానేద్దాం అనుకున్నా. రెండో రాత్రికి చేతులు వణుకు, చెమటలు, కంటి మీద కునుకు లేదు. అమ్మ ఉప్పుతో దిష్టి తీసింది. నేనేమో నా టెన్షనే పెరిగిందనుకుని మెడికల్ షాపుకి పరిగెత్తా. చీటీ అడక్కుండానే ఇచ్చేశాడు! ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ చూసి, వివరాలు రిజిస్టర్‌లో రాసుకునే ఇవ్వాలి.

తర్వాత సైకియాట్రిస్ట్ మేడమ్ చెప్పారు: ఆ వణుకు మందు మానేయడం వల్ల వచ్చింది. మెదడుకి బ్రేక్ అలవాటయ్యాక ఒక్కసారిగా తీసేస్తే అంతే. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. నాకు డోసు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. మీలో ఎవరైనా రోజూ వేసుకుంటుంటే, ఈ వీడియో చూసి ఈ రాత్రే ఆపేయకండి ప్లీజ్. డాక్టర్‌ని కలిశాకే. ఇంకోటి, మందు తాగి ఇది వేసుకుంటే ఊపిరే మందగించొచ్చు. వీకెండ్ పార్టీ బ్యాచ్, వింటున్నారా?

తెలంగాణలో ఇది కొత్త కథేం కాదు. కల్తీ కల్లులో కలిపే వాటిలో అల్ప్రజోలం ఒకటి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎంతోమంది ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్లారు. ఆ వార్తలు చూసి "అయ్యో పాపం" అనుకున్నవాళ్లమే మనం. మందు మాత్రం అదే.

డిప్రెషన్ మాత్రల సంగతి వేరు. ఎస్సిటలోప్రామ్ లాంటివి తలనొప్పి మాత్రలా బాధనిపించిన రోజు వేసుకుంటే పనిచేయవు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. పైగా 25 ఏళ్లలోపు వాళ్లలో కొందరికి మొదట్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక తప్పనిసరి చేసింది. అందుకే మొదట్లో డాక్టర్ మళ్లీ మళ్లీ రమ్మంటారు. మందు చెడ్డదని కాదు. వీటితోనే కోలుకున్న ఫ్రెండ్ నాకున్నాడు, కానీ వాడు డాక్టర్ చెప్పినట్టే వాడాడు.

డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే మొహమాటమా? టెలిమానస్ నంబర్ 14416. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో తెలియకపోతే "నిద్ర పట్టట్లేదండీ" అని మొదలుపెట్టండి. నేనూ ఆ మేడమ్ దగ్గర అలాగే మొదలుపెట్టా.